సున్నుండలో కారం

పిల్లలకి నీతికథలు రాసేవాళ్ళు స్వతహాగా మంచివాళ్ళై ఉంటారని లోకంలో ఒక నమ్మకం ఉంది. దాన్ని చెడగొట్టాలని నాకేమీ లేదు. ఆమదాలవలసలో నాకు దొరికిన కాస్త మర్యాదా ఆ నమ్మకం వల్లే దొరికింది. కిరాణా కొట్టు దగ్గర ఎవరైనా "ఆవిడే, కథలు రాస్తారు" అని పక్కవాళ్ళకి చెబుతుంటే, మిగతాది కూడా వినబడుతుందేమోనని నడక నెమ్మది చేసిన రోజులున్నాయి. అయినా ఒక కథ విషయంలో నేను చేసిన పని చెప్పుకోవాలి. చెప్పకపోతే మా పెద్దమ్మ అత్తగారికి అన్యాయం చేసినదాన్ని అవుతాను. అది ఇప్పటికే ఒకసారి చేశాను.

నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా మేనత్త కొడుకుకి విజయనగరంలో ప్రెస్సు ఉంది. నాకు బావ. శుభలేఖలూ, ఎన్నికల కరపత్రాలూ వేసి పిల్లల్ని చదివించుకున్న మనిషి. శుభలేఖలన్నీ ఫోన్లలోకి వెళ్ళిపోయి, ప్రెస్సులో ఈగలు తోలుకునే పరిస్థితి వచ్చాక, ప్రైవేటు స్కూళ్ళకి నీతికథల పుస్తకాలు వేసి అమ్మడం మొదలుపెట్టాడు. తరగతికొక పుస్తకం, వారానికొక కథ. రాసేవాళ్ళ కోసం వెతికితే, ఖాళీగా ఉండి, బంధువై ఉండి, ఇచ్చింది పుచ్చుకుని నోరు మూసుకునే మనిషిగా నేను కనిపించాను.

"వేల్యూస్ మరదలా, వేల్యూస్! ఇప్పుడు తల్లిదండ్రులకి అయ్యే కావాల" అన్నాడు మొదటిరోజు. "ఇంట్లో నేర్పడానికి ఆళ్ళకి టైము లేదు. మనం అచ్చేసి ఇచ్చేద్దాం."

బావ పద్ధతిలో కథ కంటే ముందు నీతి పుడుతుంది. ఏడాదికి సరిపడా నీతుల జాబితా వాట్సాప్‌లో పంపేవాడు. సత్యం, పొదుపు, పెద్దలమాట, పరిశుభ్రత, మళ్ళీ సత్యం. ఒక్కో నీతికి ఒక్కో పేజీ. పేజీలో పైన బొమ్మ, మధ్యలో కథ, కింద గళ్ళ అంచున్న డబ్బాలో నీతి, ఆ కింద ఐదు ఖాళీలు పూరించండి. కథ నాలుగు వాక్యాలు పెరిగితే ఫోను వచ్చేది.

"కథ ఎక్కువైపోనాది మరదలా. కథ పెరిగితే నీతికి సోటు సాలదు. హెడ్మాస్టర్లు పుస్తకం తిరగేసి డబ్బాలే సూస్తారు, కథలు ఎవుడు సదువుతాడు?"

నాకు పౌరుషం వచ్చేది. "బావా, కథలోంచి నీతి రావాలి గానీ, నీతిలోంచి కథ రాదు. ఇది కళ" అనేదాన్ని.

"ఏది ఎందులోంచి వచ్చినా నాకు శుక్రవారానికి రావాల" అనేవాడు.

నేను గురువారానికే పంపేసేదాన్ని.

నా సంగతి ఇంకా ఉంది. బావది వ్యాపారం, నాది కళ అని నమ్మినంతకాలం నాకు నిద్ర బాగా పట్టింది. మొదటి పుస్తకం లోపలి అట్ట మీద నా పేరు అచ్చయి వచ్చాక, పేరంటాలకి వచ్చినవాళ్ళకి జాకెట్టుముక్క బదులు ఆ పుస్తకం పెట్టి బొట్టు పెట్టాను. ఒకావిడ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, జాకెట్టుముక్క తర్వాత వస్తుందేమోనని చాలాసేపు కూర్చుంది.

ఒక వారం జాబితాలో "దొంగతనం ఎప్పటికైనా బయటపడుతుంది" అని వచ్చింది. ఎంత గింజుకున్నా కథ రాలేదు. చివరికి మా పెద్దమ్మ కథ గుర్తొచ్చింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. కళింగపట్నం దగ్గర పల్లెలో వ్యవసాయం ఇంటికి కోడలుగా వెళ్ళింది. చిన్నప్పుడు వేసవి సెలవులకి వాళ్ళింటికి వెళితే, మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దమ్మ చింతపండు గింజలు తీస్తూ కథలు చెప్పేది. ఆవిడ కథల్లో మాకు బాగా నచ్చింది ఇదే. ఒక ఇంట్లో కొత్త కోడలు. అత్త సున్నుండలు చేసి డబ్బాలో పెట్టింది. కోడలు రోజూ ఒకటి గుటుక్కుమనిపించేది. తగ్గిపోతున్నాయేమిటని అత్త అడిగితే, పిల్లి తినేసిందంది. "ఏ రంగు పిల్లి?" అని అడిగింది అత్త. "నల్లది" అంది కోడలు. మర్నాటి నుంచి అత్త వంటింటి తలుపు వెనక ఒక పళ్ళెంలో సున్నుండ పెట్టి, "ఇది నల్లపిల్లికి, ఎవరూ ముట్టుకోకండి" అని ఇల్లంతా వినబడేలా అరిచేది.

మేం ఊపిరి బిగబట్టి "తర్వాత?" అంటే, "తర్వాతేటి? పిల్లి ఒళ్ళు సేసినాది" అని పెద్దమ్మ ఇంకో చింతకాయ అందుకునేది. అంతే కథ. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం.

అదే రాసి పంపాను. బావ వెంటనే ఫోను చేశాడు.

"దొంగతనం సేసి ఒళ్ళు సేస్తే నీతి ఎక్కడున్నాది మరదలా? పిల్లలు రేపట్నుంచి డబ్బాలు ఖాళీ సేస్తారు. ఆ కోడలు దొరకాల."

"ఎలా దొరకాలి?"

"అది నీ ఇష్టం. దొరికితే సాలు."

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. బావ అడిగింది అంతే. దొరకాలన్నాడు. ఒక మాటతో పోయేదానికి నాలోని రచయిత్రి నడుం బిగించింది. అత్త సున్నుండల మధ్యలో మిరపకారం కూరినట్టు రాశాను. కోడలు అది కొరికి, నోరు మండి, నాలుక బయటపెట్టి వీధిలోకి పరుగెత్తినట్టు రాశాను. ఊళ్ళోవాళ్ళంతా చుట్టూ చేరి నవ్వారు. అత్త నడుం మీద చేతులు పెట్టుకుని అందరికంటే గట్టిగా నవ్వింది. రాస్తూ నేనూ నవ్వాను. ఎంత బాగా కుదిరిందని నా భుజం నేనే తట్టుకున్నాను. బొమ్మలు వేసే ఆయనకి కూడా నచ్చిందేమో, అత్తకి రూపాయి కాసంత బొట్టు పెట్టి, పళ్ళన్నీ కనబడేలా బొమ్మ వేశాడు. పుస్తకం జిల్లాలో ఏయే స్కూళ్ళకి వెళ్ళిందో బావకే తెలియాలి. మా మనవరాలు చదివే స్కూలుకి మాత్రం తప్పకుండా వెళ్ళింది. అది మూడో తరగతి. వాళ్ళ మామ్మ కథ తమ పుస్తకంలో ఉందని క్లాసంతా చాటుకుంది.

కిందటేడు పెద్దమ్మకి శ్రీకాకుళంలో కంటి ఆపరేషన్ చేయించారు. మందులు వేయడానికీ, మళ్ళీ చూపించుకోవడానికీ వీలుగా ఉంటుందని మా ఇంట్లో ఉంచుకున్నాం. నల్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చుని, దారినపోయే వాళ్ళందరినీ ఎవులు, ఎవులు అని అడుగుతూ ఉండేది. టీవీ చూడకూడదన్నారు. ఏమీ తోచడం లేదని విసుక్కుంటుంటే, ఒక ఆదివారం పొద్దున్న మా మనవరాలు పుస్తకం పట్టుకొచ్చి "నేను కథ చదువుతా పెద్దమామ్మా" అని ఎదురుగా కూర్చుంది. బళ్ళో నేర్పిన రాగంతో మొదలుపెట్టింది.

నేను లోపల కాఫీ కలుపుతున్నాను. కోడలు సున్నుండ తిన్న దగ్గర పెద్దమ్మ నవ్వు వినబడింది. "ఓలమ్మ, ఇది మన కథేనే!" అంది. పిల్లి దగ్గర ఇంకా నవ్వింది. నాకు గర్వంగా ఉంది. గ్లాసు పట్టుకుని వరండాలోకి వచ్చేసరికి మనవరాలు కారం దగ్గరికి వచ్చింది. "అత్త నడుం మీద చేతులు పెట్టుకొని పకపకా నవ్వెను" అని సాగదీసింది.

పెద్దమ్మ నవ్వడం లేదు.

"ఇంకోసారి సదువు" అంది. పిల్ల మళ్ళీ చదివింది. పెద్దమ్మ పుస్తకం లాక్కుని, నల్లద్దాలు నుదుటి మీదకి తోసి, బొమ్మని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఈ బొట్టుదెవుర్తే?"

"అత్త" అంది మనవరాలు.

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "మా అత్త ఇలాంటి మనిసి కాదే" అంది.

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. నా చిన్నప్పట్నుంచీ ఆ కథ విన్నాను. తెలుగు టీచర్ని, వ్యాకరణం దగ్గర్నుంచి అలంకారాల దాకా పిల్లలకి నూరిపోసినదాన్ని. ఆ కోడలు ఎవరని ఒక్కసారైనా అనుకోలేదు.

"ఆ కోడలు నానేనే" అంది పెద్దమ్మ. "నన్ను దొంగని రాసినావు, పర్లేదు, దొంగనే. ఆవిడ్ని ఎందుకే ఇలాగ రాసినావు? సచ్చి ఎక్కడున్నాదో. ఎన్ని బళ్ళల్లో పిల్లగుంటలు సదివేరో! ఆళ్ళందరికీ ఆవిడ కారం పెట్టిన మనిసి అయిపోనాది."

ఆవిడ కంట్లో నీళ్ళు తిరిగాయి. ఆపరేషన్ అయిన కన్ను, ఏడవకూడదన్నారు. నేను కంగారుపడి, గ్లాసు కింద పెట్టి, ఆ కంగారులో నోటికొచ్చిన మాట అనేశాను.

"నేను కాదు పెద్దమ్మా. బావ అలా మార్చమన్నాడు. వ్యాపారం కదా, మన మాట వినడు."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. సత్యం మీద ఆ ఏడాదే రెండు కథలు రాశాను.

"ఆ కాగితాలోడా!" అని పెద్దమ్మ బావని ఎత్తుకుంది. ఆయన ప్రెస్సునీ, ఆయన బట్టతలనీ, చిన్నప్పుడు ఎవరింట్లోనో దొంగతనంగా ముంజలు తిని కడుపునొప్పి తెచ్చుకున్న సంగతినీ, వరసగా అన్నీ బయటికి తీసింది. నేను తలూపుతూ కూర్చున్నాను. చివరికి "మార్చమను" అంది.

బావకి ఫోను చేయడానికి పెరట్లోకి వెళ్ళాను. వరండాలో చేస్తే ఆయన గొంతు బయటికి వినబడుతుంది, ఆయన నిజం చెప్పేస్తాడు. అరటిచెట్టు వెనక నిలబడి గుసగుసగా చెప్పాను.

"పుస్తకాలు బళ్ళకి ఎలిపోనాయి మరదలా. ఇప్పుడెలాగ? వచ్చే ఏడు అచ్చులో మారుద్దాం" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. "పోనీ ఆ బొమ్మ మీద అంటించడానికి స్టిక్కర్లు వేయించీమంటావా? పువ్వు బొమ్మలున్నాయి నా దగ్గర, మిగిలిపోనాయి."

ఆ సంగతి పెద్దమ్మకి చెబితే, "సదివేసిన గుంటల మాటేటి? ఆళ్ళ బుర్రలకి అంటిస్తాడేటి స్టిక్కర్లు?" అంది. ఆ తర్వాత రోజూ పొద్దున్న కంట్లో మందు వేస్తుంటే అదే ప్రశ్న. "మార్సేరా?" లేదని చెబితే బావకి నాలుగు తిట్లు. ఐదో రోజుకి ఆ తిట్లు నాకు తగలడం మొదలైంది. రాత మార్చడం చేతిలో లేదు. పిల్లలకి నోటితో చెప్పడం చేతిలో ఉంది. మనవరాలి స్కూలుకి వెళ్ళి, మా పెద్దమ్మ మూడో తరగతికి ఒక కథ చెబుతుందని అడిగాను.

ప్రిన్సిపాల్ మేడమ్ మొహం వెలిగిపోయింది. తాతమామ్మల దినం అని ఒకటి జరపాల్సి ఉందట, ఫొటోలకి పెద్దవాళ్ళెవరూ దొరక్క ఆగిపోయిందట. ఒక పిరియడ్ ఇచ్చింది. గోడకి బెలూన్లు కట్టించింది. పెద్దమ్మ నీలం అంచు చీర కట్టుకుని, నల్లద్దాలతో కుర్చీలో కూర్చుంటే, ముందు వరసలో ఒక పిల్లవాడు "ఈవిడ సినిమాల్లో చేస్తారా?" అని అడిగాడు.

"మీ పుస్తకంలో కథ తప్పున్నాది" అని మొదలుపెట్టింది పెద్దమ్మ. "ఆ కోడలు నానే. నన్నడగండి, సెప్తాను."

అప్పటిదాకా కదులుతున్న పిల్లలు ఆగిపోయారు. పుస్తకంలో మనిషి ఎదురుగా వచ్చి కూర్చోవడం వాళ్ళెప్పుడూ చూడలేదు. వెనక బెంచీలో కూర్చున్న నేనూ చూడలేదు.

కథ మాకు చిన్నప్పుడు చెప్పిన వరసలోనే చెప్పింది గానీ, మాకు చెప్పనివీ, మార్చి చెప్పినవీ కొన్ని బయటపెట్టింది. అప్పుడు తను కడుపుతో ఉంది. ఆ ఇంట్లో మగవాళ్ళు తిన్నాక పిల్లలు, ఆ తర్వాత అత్తలు, చివర కొత్త కోడలు. అప్పటికి మిగిలేది చోడి అంబలి. సున్నుండలు పొలానికి వెళ్ళే మగవాళ్ళకి చేసినవి. మావగారు పొద్దున్న లేచి డబ్బా తీసి లెక్క చూసుకునేవాడు. ఒకరోజు లెక్క తప్పింది. ఆయన వంటింట్లోకి వచ్చి ఎవరు తిన్నారని కేక వేశాడు.

"నానొణికిపోనాను. పిల్లి తిన్నాది అన్నాను. మా మావ నా మొహం సూసి, పిల్లేటి, సున్నుండలు తినడవేటి అన్నాడు."

క్లాసంతా గొల్లుమంది. "పిల్లి సున్నుండలు తినదు!" అని ఒకరు, "మా పిల్లి బిస్కట్లు తింటుంది!" అని ఇంకొకరు. పెద్దమ్మ చెయ్యెత్తింది.

"అప్పుడు మా అత్త పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే, ఔను, నల్లపిల్లి, నానూ సూసినాను, తీపంటే పడి సస్తాది అని సెప్పినాది. ఆ ఇంట్లో నల్లపిల్లి లేదు. ఆ ఈదిలోనే లేదు."

పిల్లలు నవ్వుతున్నారు. నేను నవ్వలేకపోయాను. ఇన్నేళ్ళూ ఆ అత్తని తెలివితక్కువ మనిషి అనుకున్నాను, అందుకే ఆవిడకి కొంచెం తెలివి పెట్టి కారం చేతికిచ్చాను.

పెద్దమ్మ తలుపు వెనక పళ్ళెం గురించి చెప్పి, పిల్లి ఒళ్ళు చేసిందని ముగించింది. టీచరమ్మ చప్పట్లు కొట్టించి, అలవాటు కొద్దీ "పిల్లలూ, ఈ కథలోని నీతి ఏమిటి?" అంది. పిల్లలూ అలవాటు కొద్దీ ఒక్క గొంతుతో "దొంగతనం ఎప్పటికైనా బయటపడుతుంది!" అని అరిచారు. నా వాక్యం అంత బాగా కంఠస్థం అయినందుకు నేను బెంచీ కిందికి దూరిపోవాలనుకున్నాను. పెద్దమ్మకి మాత్రం నవ్వొచ్చింది.

అప్పుడు రెండు జడల పిల్ల ఒకతె లేచి నిలబడింది. "మరి ఆ పిల్లి మీరేనని మీ అత్తగారికి ఎప్పుడైనా చెప్పారా?"

పెద్దమ్మ చీర కొంగు సర్దుకుంది.

"లేదమ్మా. ఆవిడా అడగలేదు, నానూ సెప్పలేదు. సెప్దాం సెప్దాం అనుకున్నాను, ఈలోగా ఆవిడ పోనాది." ఆ పిల్ల వైపు తిరిగి, "సెప్పాల్సింది" అంది.

ప్రిన్సిపాల్ మేడమ్ ఫొటోలు తీయించింది. నేను పెద్దమ్మ చెయ్యి పట్టుకుని గేటు బయటికి తీసుకొచ్చి ఆటో ఎక్కించాను. రైలు గేటు దగ్గర ఆటో ఆగిపోయింది. గూడ్సు బండి వస్తోంది. పెద్దమ్మ అలసిపోయి వెనక్కి జారబడి కూర్చుంది. క్లాసులో ఆవిడ అన్న చివరి మాట నన్ను వదలడం లేదు.

"పెద్దమ్మా" అన్నాను. "ఆ కారం బావ పెట్టమనలేదు. నేనే పెట్టాను. బాగుంటుందని పెట్టాను."

ఆవిడ నల్లద్దాల్లోంచి బండి వైపే చూస్తోంది.

"తెలుసే" అంది. "సున్నుండలో కారం కూరీ అంత ఊహ మీ బావకెక్కడిదే? పిల్ల సదివిన రోజే తెలిసినాది నాకు."

"మరి తెలిసి ఇన్నాళ్ళూ బావని ఎందుకు తిట్టావు?"

"నువ్వు సెప్పీదాకా ఎవుల్నో ఒకల్ని తిట్టాల గదా."

నాకు ఏడుపు ఆగలేదు. ఆటో అతను అద్దంలోంచి చూస్తున్నా సిగ్గనిపించలేదు. గూడ్సు బండి పెట్టెలన్నీ దాటేదాకా పెద్దమ్మ నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.